తెలుపు చూసే పిన్ని

పిన్ని ఉద్యోగం తెలుపు చూడటం. ఎవరైనా అడిగితే ఇలాగే చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు. కాగితం తెల్లగా ఉందో లేదో చెప్పడానికి కూడా ఒక మనిషి కావాలా అనేవాళ్ళు. కావాలి. ఆ మనిషికి ఒక కుర్చీ, ఒక బల్ల, ఉత్తరం వైపు కిటికీ ఇచ్చి మా కార్ఖానాలో పదకొండేళ్ళు కూర్చోబెట్టారు.

ఆవిడ నాకు చుట్టం కాదు. అక్కడ అందరికీ పిన్నే. కార్ఖానా నడిపే సారు ఆవిడకంటే రెండేళ్ళు పెద్ద. ఆయన కూడా పిన్నీ అనే పిలిచేవారు.

మేం చేసేవి నీళ్ళను పరీక్షించే కాగితప్పట్టీలు. చిటికెన వేలంత ఉంటాయి. వడపోత కాగితం మీద మైనంతో చిన్న గుండ్రాలు అచ్చు వేస్తారు. ఆ కాగితాన్ని వేడి పలక మీద పెడితే మైనం లోపలికి దిగి గోడలా నిలబడుతుంది. గుండ్రంలో వేసిన చుక్క ఆ గోడ దాటి బయటికి పాకదు. లోపల మందు చుక్క వేసి, ఆరబెట్టి, పట్టీలుగా కోస్తాం. పట్టీని తాగే నీళ్ళలో ముంచి తీస్తే, క్లోరిన్ సరిపడా ఉంటే గుండ్రం ముదురు పసుపు అవుతుంది. కొంచెమే ఉంటే లేత పసుపు. అసలు లేకపోతే తెల్లగానే ఉంటుంది. పెట్టెలో మూడు గళ్ళ రంగుల కార్డు ఒకటి పెడతాం, పక్కన పెట్టి పోల్చుకోవడానికి. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. నీళ్ళ ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్ళు, బడుల్లో ఆయాలు వాడతారు.

మందు కలిపేది మాస్టారు. ఆయన పూర్వం బడిలో సైన్సు చెప్పేవారు. చుక్కలు వేసేది నేను, ఇంకో ఇద్దరు. పట్టీలు కోసేది కత్తెరక్క. ఆవిడ చేతిలో ఉండేది నిజానికి కత్తెర కాదు, బల్లకి బిగించిన పెద్ద కత్తి. అయినా ఆ పేరు పడిపోయింది. నోరు కూడా ఆ కత్తిలాంటిదే.

మందు వేసి ఆరబెట్టిన కాగితం ముందు పిన్ని దగ్గరికి రావాలి. వాడని పట్టీ తెల్లగా ఉంటేనే అది పట్టీ. వాడకముందే కాస్త పసుపు తిరిగి ఉంటే, క్లోరిన్ లేని నీళ్ళలో ముంచినా ఉన్నట్టే చూపిస్తుంది. అందుకని ఆవిడ చూసి, ఆ విడత కాగితాల లాటు నంబరు పక్కన పుస్తకంలో సంతకం పెడితే తప్ప ఏదీ కత్తెరక్క బల్ల మీదికి వెళ్ళదు.

ఇక్కడికి రాకముందు పిన్ని దారాల కొట్టులో పనిచేసింది. బట్ట ముక్క తెచ్చుకోకుండా ఎవరైనా వచ్చి, మొన్న ఈ వీధిలోనే కొన్న చీర అంటే, ఆ చీర ఎక్కడో కంటపడి ఉంటే చాలు, దారం తీసి ఇచ్చేదట. సారు ఒకసారి కోటుకి గుండీ ఊడిపోయి అక్కడికి వెళ్ళారు. ఆవిడ ఆరు నల్ల దారపుండలు ముందేసుకుని ఒకటి తీసి ఇచ్చిందట. మిగతావీ నలుపేగా అన్నారట సారు. "కావండీ. ఇది నీలం, ఇది ఆకుపచ్చ, ఇది చాక్లెట్టు. మీకు కనబడదు లెండి, మగవాళ్ళకి కష్టం" అందట. మర్నాడే సారు మనిషిని పంపారు. ఈ కథ సారు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. పిన్ని వింటూ, విననట్టు కూర్చునేది.

పనికి ఆవిడ ఎప్పుడూ బూడిద రంగు చీరే కట్టేది. ఒంటి మీద ఎర్ర చీర ఉంటే దాని నీడ కాగితం మీద పడి తెలుపు చెడుతుంది. అలాంటివి నాలుగు చీరలు ఉండేవి, నాలుగూ ఒకటే. వాళ్ళాయన బస్సు నడిపి రిటైరయ్యారు. చెవులు సరిగా వినబడవు. మేం బాబాయిగారూ అంటాం. మధ్యాహ్నం డబ్బా తెచ్చి గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా అనేవారు, "చూడండర్రా మీ పిన్నిని! నేను బతికుండగానే దుఃఖం మొదలెట్టేసింది. వీధిలో వాళ్ళు నన్ను చూసి, అదేంటి నువ్వున్నావా అంటున్నారు!"

"ఉన్నారుగా, గోల వినబడుతూనే ఉంది" అనేది పిన్ని. ఆయనకి వినబడేది కాదు.

ట్రే తెచ్చి ముందు పెడితే, పక్కన ఖాళీ కాగితం పెట్టుకుని మనసులో మూడు లెక్కపెట్టేది. అంతే చూసేది. ఎక్కువసేపు చూస్తే కన్ను సర్దుకుపోతుంది, ఏదైనా తెల్లగానే కనబడుతుంది అనేది. ఒక ట్రేకీ ఇంకో ట్రేకీ మధ్య ఎదురుగా గోడకి కొట్టిన బూడిద రంగు అట్ట వైపు చూసేది. తర్వాత ఒక మాట. బాగుంటే "వెళ్ళు". లేకపోతే "ఆగు". మాతో కాదు, ట్రేతో.

"మొగుడితో కూడా ఇంతేనా పిన్నీ, రెండు మాటలేనా?" అని కత్తెరక్క అడిగింది ఒకసారి.

"ఆయనకి ఒకటే. ఆగు."

అలాంటి రోజుల్లో నేనూ నవ్వేదాన్ని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ వానాకాలం ఇరవై రోజులు ఎండ లేదు. ఆరబెట్టే గదిలో బల్బులు వెలుగుతూనే ఉన్నాయి కానీ గోడలు చెమర్చాయి. ఒకరోజు ట్రే తెచ్చి పిన్ని ముందు పెట్టాను. మైనపు గుండ్రాల లోపల మీగడ రంగు కనిపించింది నాకు. చాలా లేత. పక్కన ఖాళీ కాగితం ఉంది కాబట్టి తెలిసింది, లేకపోతే తెలియదు. పిన్ని మూడు లెక్కపెట్టింది.

"వెళ్ళు."

నేను ట్రే తీయలేదు.

"ఏమ్మా, కాళ్ళు అతుక్కుపోయాయా?"

"ఏం లేదు పిన్నీ."

తీసుకెళ్ళి కత్తెరక్కకి ఇచ్చేశాను. నా కన్నే తప్పు అనుకున్నాను. పదకొండేళ్ళు ఇదే పని చేసిన కన్ను ఒకవైపు, పదో తరగతి సగంలో మానేసిన నా కన్ను ఒకవైపు. ఆ పది పన్నెండు రోజుల్లో అలాంటి లాట్లు ఇంకా నాలుగు వెళ్ళాయి. మొదటిసారి నా కన్ను తప్పు అనుకోవడానికి కాస్త కష్టపడ్డాను. అయిదోసారికి ఏ కష్టమూ లేదు.

వానలు తగ్గాక పిన్ని కుర్చీని కిటికీకి ఇంకా దగ్గరగా జరుపుకుంది. బస్సు మీద నంబరు కనబడక రెండుసార్లు వేరే బస్సెక్కింది. బాబాయిగారు పట్టుబట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రెండు కళ్ళలోనూ పొర ఉంది, ముందు కుడికన్నుకి ఆపరేషన్ చేస్తాం, మూడు నెలల తర్వాత ఎడమకన్నుకి అన్నారట. పిన్ని సెలవు పెట్టింది. ఆవిడ లేని రోజుల్లో కోత ఆపేశారు. మైనం అచ్చులు మాత్రం వేసి పెట్టుకున్నాం.

వారం తర్వాత చూడటానికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, మడత కుర్చీ, గోడకి బాబాయిగారి పాత ఖాకీ చొక్కా. పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు తీసి ఒక కన్ను చేత్తో మూసుకుని గోడ చూసింది. తర్వాత రెండోది మూసుకుని చూసింది.

"ఈ గోడ ఈ కంటికి నిన్ననే సున్నం వేసినట్టుంది. ఈ కంటికి టీ ఒలికినట్టుంది."

"బాగా కనబడుతోందన్నమాట" అన్నాను.

"వచ్చినప్పట్నుంచీ ఇదే పని. కన్ను మూయటం, తెరవటం" అన్నారు బాబాయిగారు. "నన్ను కూడా అలాగే చూసింది. ఏ కంటికి బాగున్నానే అంటే చెప్పదు."

పిన్ని నవ్వలేదు. దిండు తీసి ఒళ్ళో పెట్టుకుంది. గలీబు పసుపుపచ్చగా ఉంది, వెన్న రంగులో.

"ఇది వానల్లో కొన్నాను. తెల్లది కావాలని అడిగి, పదిలో ఏరి కొన్నాను" అంది.

బాబాయిగారు వినబడక, "మంచి నీళ్ళా?" అన్నారు.

పిన్ని ఆ గలీబు మీద చెయ్యి పెట్టుకుంది. నన్ను అడిగింది, "వానల్లో ఎన్ని లాట్లు పంపాం?"

"పదహారు" అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. నాకు తెలుసని ఆవిడకి తెలియదు.

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. బీరువా దగ్గరికి వెళ్ళింది. ప్రతి లాటు నుంచీ పది పట్టీలు తీసి, నంబరు రాసిన నల్ల డబ్బాలో దాచి ఉంచడం మా పద్ధతి. ఎప్పుడైనా తగాదా వస్తే చూసుకోవడానికి. ఇప్పటిదాకా రాలేదు కాబట్టి ఆ డబ్బాలు ఎవరూ తెరవలేదు. పిన్ని పదహారు డబ్బాలూ తెచ్చి, బూడిద అట్ట గోడ మీంచి తీయించి బల్ల మీద పరిచి, వరసగా పేర్చింది. ఒక కన్ను మూసి అన్నీ చూసింది. రెండో కన్ను మూసి అన్నీ చూసింది. ఎడమకంటికి పదహారూ ఒకటే. కుడికంటికి అయిదు వేరు.

ఆ అయిదూ పక్కకి జరిపి మాస్టార్ని పిలిచింది. మాస్టారు వంగి చూశారు. సారు కూడా వచ్చారు. కత్తెరక్క పని ఆపి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"పసుపే" అన్నారు మాస్టారు. "కానీ పిన్నీ, ఇవి డబ్బాలో ఉండి పసుపు తిరిగి ఉండొచ్చు. మూత సరిగా పట్టకపోతే చెమ్మ దూరుతుంది. ఆ రోజు తెల్లగానే ఉన్నాయేమో. ఎవరు చెప్పగలరు?"

"అదే మాట" అన్నారు సారు. కుర్చీ వెనక చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పారు. "చూడు పిన్నీ. పట్టీలు కొనేవాళ్ళ షరతు నీకు తెలుసు. చూసే మనిషి చూపు తప్పిందని పుస్తకంలో రాశామా, ఆ మనిషి మళ్ళీ సంతకం పెట్టడానికి లేదు. డబ్బాలో చెమ్మ అని రాస్తే, నువ్వు ఈ కుర్చీలో కూర్చో. కన్ను కూడా బాగైంది. ఇంకెప్పుడూ ఇలా జరగదు."

"మరి బయటికి వెళ్ళినవి?" అంది పిన్ని.

"డబ్బాలో చెమ్మ అయితే బయటవి బాగున్నట్టేగా."

అది నిజంగా నమ్మి అన్నారో, నమ్మాలని అన్నారో నాకు తెలియలేదు. ఆయన చెడ్డ మనిషి కాదు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. పిన్నికి ఆ కుర్చీ తప్ప బయట వేరే పేరు లేదని అక్కడ అందరికీ తెలుసు. వీధిలో ఆవిడని తెలుపావిడ అనేవాళ్ళు. చీరలు కొనేవాళ్ళు ఇంటికొచ్చి రంగు చూపించుకుని వెళ్ళేవాళ్ళు.

పిన్ని వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఆ ట్రేలు తెచ్చింది నువ్వేగా. ఎలా ఉన్నాయి అప్పుడు?"

రంగు గురించి నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కత్తెరక్క పిన్ని వెనక నుంచి నాకు తల అడ్డంగా ఊపింది. పైకి, "దానికేం తెలుసు పిన్నీ, చుక్కలేసే పిల్ల. తలెత్తి చూస్తుందా అసలు?" అంది.

తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. ఏళ్ళ తరబడి అన్నిటికీ అదే చెప్పి అలవాటు.

"మీగడ రంగు" అన్నాను.

"ఒకటా?"

"అయిదూ."

వేడి పలక మీద కాగితం కమురు వాసన వస్తే మాస్టారు వెళ్ళి తీశారు.

"చూసినదానివి అప్పుడే ఏడవొచ్చుగా!" అంది కత్తెరక్క. "ఇన్నాళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"దాన్నేం అనకు" అంది పిన్ని. "నేను వెళ్ళు అన్నాక ఎవరు ఆగుతారు?"

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఏడుస్తుందనుకున్నాను. అదీ లేదు. లాట్ల పుస్తకం తెరిచి, నంబర్లు చూసుకుని, తన సంతకాల పక్కన ఒక్కోదానికీ ఒకే ముక్క రాసింది. "నా చూపు తప్పు వల్ల వెళ్ళింది." అయిదుసార్లు. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

మాస్టారు మళ్ళీ వచ్చి చూసి, "కొత్త కన్ను బాగుందిగా పిన్నీ, ఎందుకిలా చేశావు?" అన్నారు.

"పాత కన్ను మీద కూడా నాకు ఇంతే నమ్మకం ఉండేది మాస్టారూ."

పెన్ను మూత పెట్టి పుస్తకం సారు చేతికి ఇచ్చింది. సారు తీసుకున్నారు. నాకు ఏదో అనిపించాలి కదా అని ఎదురుచూశాను. కాళ్ళ కింద నేల చల్లగా ఉందని మాత్రం తెలిసింది.

మర్నాటి నుంచి కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. వేరే ఎవరూ లేక. మూడు లెక్కపెట్టడం, అట్ట చూడటం పిన్ని పక్కన నిలబడి నేర్పింది. వెళ్ళు, ఆగు అని గట్టిగా అనడం నాకు చేతకాలేదు. తల ఊపేదాన్ని. తర్వాత ఆవిడ కత్తెరక్క బల్ల దగ్గరికి వెళ్ళి, కోసిన పట్టీలు పెట్టెల్లో సర్దేది. కత్తెరక్క ఆ వారమంతా పిన్నితో హాస్యం ఆడలేదు. నాతో మాటే లేదు.

మధ్యాహ్నాలు సారు గదిలో ఫోను పని. అయిదు లాట్లు నలభై మూడు చోట్లకి వెళ్ళాయి. ఉత్తరాలు వేద్దాం అన్నారు సారు. పిన్ని తనే ఫోన్లు చేస్తానంది. చేసిన తప్పు తన నోటితో చెబితే తప్ప వాళ్ళు పట్టీలు పారెయ్యరు అంది. నేను పక్కన కూర్చుని, ఎవరేమన్నారో కాగితం మీద రాసేదాన్ని.

"అమ్మా, మీకు వచ్చిన పట్టీల పెట్టె మీద నంబరు ఒకసారి చూస్తారా? ఆ నంబరైతే వాడకండి. చూసి పంపింది నేనే. నాకు కంట్లో పొర ఉండి సరిగా కనబడలేదు."

ఇదే మాట ప్రతివాళ్ళకీ. ఒక అక్షరం మారేది కాదు. కొందరు సరే అని పెట్టేసేవాళ్ళు. ఒక బడి ఆయా, "అయ్యో, ఇప్పుడెలా ఉంది కన్ను?" అని అడిగింది. ఒకాయన, "కళ్ళు కనబడనివాళ్ళని ఎవరు పెట్టుకోమన్నారు?" అని అరిచాడు. గది బయటికి వినబడేంతగా. పిన్ని, "నిజమేనండీ. నంబరు చూశారా?" అంది.

మూడో రోజు ఇరవై నాలుగో ఫోను నంబరు. నీళ్ళ ట్యాంకు చూసే అతను. గొంతు హుషారుగా ఉంది. ఫోను స్పీకరులో పెట్టాం కాబట్టి నాకూ వినబడుతోంది.

"ఆ పట్టీలా? ఎప్పుడో అయిపోయాయమ్మా. వానలు తగ్గేలోపే వాడేశాను."

"రంగు ఎలా వచ్చేది బాబూ?"

"బ్రహ్మాండంగా! రోజూ కార్డు మీద రెండో గడి, లేత పసుపు. ఒక్క పూట కూడా తేడా లేదు. ఇదివరకటివి ఒకరోజు ఒకలా, ఒకరోజు ఒకలా చూపించేవి. ఇవే బాగున్నాయి. మళ్ళీ పంపిస్తే అవే పంపండమ్మా."

పిన్ని చెప్పాల్సిన మాట ఇంకా చెప్పలేదు.

"ట్యాంకులో క్లోరిన్ పొడి రోజూ కలిపేవారా?" అని అడిగింది.

"మధ్యలో కొన్నాళ్ళు పొడి అందలేదమ్మా, దారి మూసుకుపోయి. కానీ రంగు వస్తూనే ఉందిగా. అందుకని బెంగ పెట్టుకోలేదు."

"ఎన్నాళ్ళు?"

"పది, పదిహేను రోజులు. ఎందుకమ్మా?"

"అక్కడ అప్పుడు ఎవరికైనా ఒంట్లో బాలేకపోయిందా?"

"వానల్లో మామూలేగా. పిల్లలకి కడుపులు చెడిపోవడం, ఆసుపత్రికి తిప్పడం. ఈసారి కాస్త ఎక్కువే." అవతల ఎవరో పిలిస్తే, వస్తున్నా అన్నాడు. "ఇంతకీ ఎందుకు ఫోన్ చేశారో చెప్పలేదు."

పిన్ని చెప్పింది. నంబరు, పొర, తను చూసి పంపడం. అందరికీ చెప్పినట్టే, అదే వరసలో. అవతల నీళ్ళు పడుతున్న శబ్దం వచ్చింది.

"అయితే ఆ పసుపు..." అన్నాడతను.

"కాగితానిదే బాబూ. నీళ్ళది కాదు."

అతను ఫోను పెట్టేశాడు.

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పిన్ని కిటికీ వైపు చూస్తోంది. ఏ కన్నూ మూసుకోలేదు.

"రాయి" అంది.

"ఏం రాయాలి పిన్నీ?"

"అతను అన్నది అన్నట్టు. పదిహేను రోజులు. పిల్లలు. కాస్త ఎక్కువే అన్నాడుగా, అది కూడా."

రాశాను. వరస పొడుగైపోయి పక్క గడిలోకి వెళ్ళింది. పిన్ని వంగి కాగితం మీద తర్వాతి నంబరు చూసుకుంది. ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. ఫోను దగ్గరికి లాక్కుని ఒక్కో అంకె నొక్కడం మొదలుపెట్టింది.